ఆన్‌లైన్‌లో ఉన్నవారికి ముందుగా వందనాలు

మా సంఘంలో ఆదివారం ఆరాధన ఈ మాటతో మొదలవుతుంది: "ఆన్‌లైన్‌లో మనతో ఉన్న దేవుని బిడ్డలందరికీ ముందుగా వందనాలు." పొద్దున్నే తలంటు పోసుకుని, రెండు ఆటోలు మారి వచ్చి చాపల మీద కూర్చున్నవాళ్ళకు వందనాలు ఆ తర్వాత. న్యాయమే. వీళ్ళెక్కడికీ పోరు. వాళ్ళయితే బొటనవేలు కదిపితే చాలు, చేపల పులుసు వీడియోలోకి జారిపోతారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆరాధనను యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చే ఈ ఏర్పాటును ఎవరూ తప్పుపట్టలేదు. ఆ ఏడు ఏప్రిల్ 12న ఈస్టరు సెల్‌ఫోను ముందే చేసుకున్నాం. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవచ్చన్నారు. తలుపులు తెరుచుకున్నాయి గానీ, ట్రైపాడ్ మాత్రం అక్కడే ఉండిపోయింది. స్త్రీల వైపు, నడిదారిలో. దాని ముందు యవ్వనస్థులు కూర్చోవాలి, ఫ్రేమ్ కళకళలాడుతుందట. ముసలమ్మలు స్తంభం వెనక్కి.

మొన్న పాస్టర్ గారు ప్రార్థన మంచి పట్టులో ఉండగా నెట్ పోయింది. కెమెరా అబ్బాయి చెయ్యి ఊపాడు. "ప్రభువా" దగ్గర ప్రార్థన ఆగింది. ఎత్తిన చేతులు దించాలో వద్దో ఎవరికీ తెలియలేదు. కీబోర్డు కుర్రాడు ఆ మెత్తటి సంగీతాన్నే తిప్పి తిప్పి వాయించాడు. నెట్ వచ్చింది. ప్రార్థన మళ్ళీ మొదటి నుంచి! దేవుడు ఇందాక విన్నాడేమో గానీ సబ్‌స్క్రైబర్లు వినలేదు కదా. మొదటి విడతలో భోరున ఏడ్చేసిన ఒక సోదరికి రెండో విడతకు కన్నీళ్ళు మిగల్లేదు. హల్లెలూయ కూడా కాస్త నీరసంగా వచ్చింది. "సంఘమా, గట్టిగా! లైవ్ నడుస్తోంది" అన్నారు వేదిక మీది నుంచి. ఈలోగా కామెంట్లు రాసిన చీటీ పుల్పిట్ మీదికి చేరింది. డాలస్ నుంచి ఒక కుటుంబం ఆమేన్ అని టైప్ చేసిందట. మనకు ఆదివారం పొద్దున పది గంటలైతే వాళ్ళకింకా శనివారం రాత్రే. విశ్రాంతి దినం శనివారమా ఆదివారమా అని తరతరాలుగా కొట్టుకున్న సంఘాలను యూట్యూబ్ ఇంత తేలిగ్గా కలిపేసింది.

బీద విధవరాలు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బైబిలు వాక్యం చదువుతుంటే తెర అడుగున ఖాతా నంబరు పరుగెడుతుంది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌తో సహా. ఇంటర్నెట్‌లో సంస్కారాలు, అంటే బాప్తిస్మం, ప్రభు భోజనం లాంటివి, ఉండవని కథోలికుల వాటికన్ 2002లోనే చెప్పింది. మనం ప్రొటెస్టెంట్లం, రోము మాట ఎందుకు వింటాం? ప్రభు భోజనం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల వారం వస్తే ఇంట్లో రొట్టె లేనివాళ్ళు బిస్కెట్టు పెట్టుకోవచ్చు. "సమాజముగా కూడుట మానక" అని హెబ్రీయులకు రాసిన మాట చూపించి, రెండు వారాలు మానేసినవాళ్ళను నిలదీసిన నోటితోనే ఇప్పుడు "రాలేకపోతే లింకు ఉందిగా" అంటున్నారు.

ఏమన్నా అంటే కమిటీ పెద్దల దగ్గర జవాబు సిద్ధం: "మంచాన పడ్డవాళ్ళ కోసమేనండీ ఇదంతా."

మంచాన పడ్డవాళ్ళ కోసమా? మా వీధి చివర ఒక పెద్దావిడ తుంటి విరిగి మంచం మీదే ఉంది. ఒకప్పుడు నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం పాస్టర్ గారు రొట్టె, చిన్న గ్లాసులో ద్రాక్షరసం పట్టుకుని ఆ ఇంటికి వచ్చేవారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడకిష్టమైన పాట పాడేవారు. ఇప్పుడు లింకు పంపిస్తున్నారు. ఆవిడది బటన్ల ఫోను! లింకు పోయేది హాస్టల్లో ఉన్న మనవడి వాట్సాప్‌కి. వాడు బొటనవేలి బొమ్మ పెడతాడు, ఇక్కడ పరామర్శ అయిపోయినట్టు లెక్క. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యడానికి ఏ యాప్ వచ్చిందో చెప్పండి, నేనే డబ్బు కడతాను. గుడి నుంచి ఆ ఇంటికి స్కూటర్ మీద పది నిమిషాలు కూడా పట్టదు. ఆ పది నిమిషాలు ఎగ్గొట్టడానికి టెక్నాలజీ పేరు చెప్పడానికి సిగ్గుండాలి.

వచ్చే నెల రెండో కెమెరా కొంటారట, పక్క నుంచి తీయడానికి. ప్రత్యేక కానుక కవర్లు పంచారు. నా కవర్లో రూపాయి కూడా పెట్టలేదు, "స్కూటర్‌కి పెట్రోలు నేను పోయిస్తాను" అని రాసిన కాగితం పెట్టాను. లైవ్‌లో చదువుతారేమో చూడాలి.