నాలుగో పేజీలో ఒక్క వాక్యం

విశాఖ సీతమ్మధారలో ఉండే మా మేనమామ మొన్న ట్రస్టు డీడు ముసాయిదా నా చేతిలో పెట్టారు. అమ్మానాన్నల పేరు మీద ఏటా కొందరు పేదపిల్లలకు కాలేజీ ఫీజులు కట్టాలని ఆయన కోరిక. రిటైరయ్యాక వచ్చిన డబ్బు, మధురవాడలో స్థలం అందుకే రాసిచ్చేశారు. చదువుతూ చదువుతూ నాలుగో పేజీలో ఆగిపోయాను. ‘బతికున్నంతకాలం నేనే చైర్మన్‌. నా తరువాత మా పెద్దబ్బాయి, అతని తరువాత అతని సంతానంలో పెద్దవాడు.’

‘‘నా డబ్బు మావాడి చేతిలో కాక ఇంకెవడి చేతిలో పెట్టమంటావురా?’’ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కుటుంబ ట్రస్టు తలరాత రాసేది ఆ వాక్యమే. మూలధనం ఎంతన్నది ఆ తర్వాతి సంగతి. ఇందుకు ఉదాహరణలు దగ్గర్లోనే ఉన్నాయి.

విశాఖలో ఏవీఎన్‌ కాలేజీ డౌన్‌ అంటే ఏ ఆటో అయినా తీసుకెళుతుంది. ఆ కాలేజీ పూర్తి పేరు ‘మిసెస్‌ ఏవీఎన్‌’లోని ‘మిసెస్‌’ ఎవరో చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆవిడ అంకితం అచ్చయ్యమ్మ. తండ్రి గోడే వెంకట జగ్గారావు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్‌ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో గ్రహాలను, నక్షత్రాలను పరిశీలించే వేధశాల కట్టించిన మనిషి. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని అందుకున్నారు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన ఆయన 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. మామగారి సరదాను అల్లుడు అంత శ్రద్ధగా మోయడం ఎంత అరుదు! 1892లో ఆయనా కన్నుమూశారు. 1894లో అచ్చయ్యమ్మ వేధశాలను, దాని పోషణకు నిధితో సహా, మద్రాసు ప్రభుత్వానికి అప్పగించారు.

ఇవాళ ఆ వేధశాల లేదు. ఆవిడ పేరున్న కాలేజీ ఉంది. 1860లో బడిగా మొదలై, 1878లో కాలేజీగా ఎదిగి, నరసింగరావు ఇచ్చిన ఆస్తితో ఆయన భార్య పేరు పెట్టుకుంది. సి.వి. రామన్‌ తండ్రి పాఠాలు చెప్పింది అక్కడే, రామన్‌ చదివిందీ అక్కడే. వేధశాల, కాలేజీ రెండూ ఒకే కుటుంబం సొమ్ముతో నిలబడినవే. వేధశాల ఆ ఇంటివాళ్ల అభిరుచి మీద బతికింది, వాళ్లు పోయాక ఊళ్లో దాన్ని తమది అనుకునేవాళ్లు మిగల్లేదని నా అభిప్రాయం. కాలేజీ నుంచి ఏటా వందలమంది ‘మా కాలేజీ’ అంటూ బయటికొచ్చారు. చెయ్యి వదలడం ఒక్కటే సరిపోదు, పట్టుకునే చేతులు కూడా ముందే తయారై ఉండాలి.

ఒడిశాలోని జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. సైన్స్‌ కాలేజీకి ఆయన పేరు నిలిచింది, నడిపింది మాత్రం విశ్వవిద్యాలయమే.

దీనికి పూర్తిగా ఎదురుదారి విజయనగరం రాజకుటుంబం విద్యా ట్రస్టు మాన్సాస్‌ది. పి.వి.జి. రాజు 1958లో తండ్రి అలక్‌ నారాయణ గజపతి పేరున దాన్ని నెలకొల్పి, విజయనగరం కోటనే చదువులకు ఇచ్చేశారు. అంతటి త్యాగాన్ని తక్కువ చేసి మాట్లాడడం పాపం. కానీ చైర్మన్‌ పీఠం వంశానికే ఉండిపోయింది, సింహాచలం ధర్మకర్త పదవీ దానితోనే నడిచింది. 2020లో ప్రభుత్వం ఆ కుటుంబంలోనే వేరొకరిని, ఆడపిల్ల సంచయితను, కూర్చోబెట్టింది. 2021 జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వంశంలో పెద్ద మగవారికే హక్కా, ఆడపిల్లకు లేదా అన్న వాదనలో నెలలు గడిచాయి. నా మటుకు నాకు ఆడపిల్లకు హక్కు ఉండి తీరాలి. అయినా అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. వేల ఎకరాల భూములు, అన్ని కాలేజీలు ఒక ఇంటి వారసత్వం మీద ఎందుకు ఆధారపడాలి? అక్కడ చదివిన పిల్లలకు, పాఠాలు చెప్పిన మాస్టార్లకు బోర్డులో హక్కుగా చోటెందుకు ఉండకూడదు?

ఇదంతా మామయ్యకు చెప్పాను. రెండు రోజులు ఫోన్‌ చేయలేదు. తర్వాత నాలుగో పేజీ మళ్లీ టైపు చేయించి పంపారు. బోర్డులో ఇంటివాళ్లు ఇద్దరు, బయటివాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు ట్రస్టు కట్టిన ఫీజుతో చదువు పూర్తి చేసిన పిల్లో పిల్లాడో అయి ఉండాలట. ఆ చదువులు ఇంకా మొదలే కాలేదు కాబట్టి, అక్కడ పేరు రాయకుండా గీత గీసి వదిలారు.