ఒపెరా గొంతు రక్తంలో వస్తుందా? గార్సియా కుటుంబం చెప్పేది వేరు

పాశ్చాత్య సంగీతం గురించి తెలుగులో చర్చ వచ్చినప్పుడల్లా ఒక వాదన చేతులు మారుతూ ఉంటుంది. ఒపెరా అంటే మాటలకు బదులు పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం; ఆ ఒపెరా గొంతు రక్తంలోనే వస్తుందట. తల్లో తండ్రో పేరున్న గాయకులైతే బిడ్డకు సగం పని పుట్టకముందే అయిపోయినట్టేనట. గొంతు పుట్టుకతో వస్తుంది, గురువు ఇంట్లోనే ఉంటారు, ఇంటిపేరే వేదిక ఎక్కిస్తుంది. దీనికి రుజువుగా చాలాసార్లు స్పెయిన్‌కు చెందిన గార్సియా కుటుంబాన్ని చూపిస్తారు. తండ్రి మాన్యుయెల్ గార్సియా 1816లో రోమ్‌లో స్వరకర్త రోస్సిని రాసిన ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ ఒపెరా తొలి ప్రదర్శనలో అల్మావీవా పాత్ర పాడిన టెనర్ (మగవాళ్లలో పై స్థాయి గొంతు). కూతుళ్లు మరియా మాలిబ్రాన్, పోలీన్ వియార్దో ఇద్దరూ యూరప్‌ను ఊపేసిన గాయనులు. ఇంతవరకు నిజమే. కానీ ఈ వాదన చేసేవాళ్లు ఆ ఇంటి కొడుకు పేరు ఎత్తరు. ఒక్కో మాటే తీసుకుని చూద్దాం.

“గొంతు పుట్టుకతోనే వస్తుంది”

కొంత వస్తుంది, కాదనలేం. స్వరతంతువుల పొడవు, గొంతు, నోరు, ముక్కు లోపలి ఆకృతి చాలావరకు పుట్టుకతో వచ్చేవే. ఫోన్లో తల్లి మాట్లాడుతోందో కూతురు మాట్లాడుతోందో తేల్చుకోలేకపోవడం అందువల్లే. అయితే ఆ పోలిక మాట్లాడే గొంతుకు సంబంధించినది. ఒపెరాకు కావలసింది వేరు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరాలో సుమారు 3,800 సీట్లు ఉంటాయి. గాయకుడికి మైకు ఉండదు, ముందు నిండు ఆర్కెస్ట్రా ఉంటుంది. ఆర్కెస్ట్రా ధ్వని బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ (సెకనుకు 500 కంపనలు) దగ్గర ఉండి, అక్కడినుంచి పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ పొందిన టెనర్, బారిటోన్ (మగవాళ్లలో మధ్య గొంతు), బాస్ (కింది గొంతు) గాయకుల్లో 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక అదనపు బలం కనిపిస్తుంది. ఆర్కెస్ట్రా బలహీనంగా ఉండే చోటు కాబట్టి గొంతు అక్కడినుంచి చివరి వరుస దాకా చేరుతుంది. స్వరతంతువులకు సరిగ్గా పైన ఉన్న గొట్టం ఇరుకుగా, దాని పై గొంతు భాగం వెడల్పుగా ఉన్నప్పుడే ఇది పుడుతుంది. నాలుక మొదలు బిగించకుండా, దవడ నొక్కకుండా ఆ అమరికను రెండున్నర గంటలు నిలబెట్టడం ఏళ్ల తరబడి నేర్చుకుంటే వచ్చే పని. ఎవరి బిడ్డా దానితో పుట్టరు.

కర్ణాటక సంగీతం వినే మనకు ఇంకొక తేడా వెంటనే అర్థమవుతుంది. మన గాయకులు తమ గొంతుకు తగ్గ శ్రుతి పెట్టుకుంటారు. ఒపెరాలో శ్రుతిని స్వరకర్త రాసి ఉంచాడు. కొన్ని పాటలను అర స్వరం దించి పాడే ఆనవాయితీ ఉన్నా, పాత్ర మొత్తాన్ని గాయకుడి సౌకర్యానికి దించరు. అందుకే తండ్రి పాత్రలు బిడ్డకు సరిపోవాలన్న నియమమేమీ లేదు. గార్సియా ఇంట్లోనే చూడండి: తండ్రి టెనర్, కొడుకు బారిటోన్, కూతుళ్లిద్దరూ కింది స్వరాలు బలంగా ఉన్న మెజ్జోలు (ఆడవాళ్లలో మధ్య గొంతు).

“చిన్నప్పుడే మొదలుపెడితే అంత మంచిది”

అన్నిటికంటే ఎక్కువ హాని చేసే మాట ఇదే.

1825 నవంబర్ 29న న్యూయార్క్ పార్క్ థియేటర్‌లో గార్సియా కుటుంబం ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ ఆడింది. అమెరికాలో ఇటాలియన్ ఒపెరా ఇటాలియన్ భాషలో ప్రదర్శించడం అప్పుడే మొదలైంది. తండ్రి అల్మావీవా పాత్ర, 17 ఏళ్ల మరియా రొసీనా పాత్ర, తల్లి హోవాకీనా బెర్తా పాత్ర, 20 ఏళ్ల కొడుకు మాన్యుయెల్ ఫిగరో పాత్ర వేశారు. ఇంటిల్లిపాదీ ఒకే వేదిక మీద. తర్వాతేమైంది? ఆ కొడుకు గొంతు పాడైపోయింది. పాతికేళ్లు నిండే సరికి రంగస్థలం వదిలేశాడు. అదే తండ్రి, అదే రక్తం, అదే శిక్షణ.

గొంతు మారే వయసులో అబ్బాయిల శ్రుతి దాదాపు ఒక స్థాయి మొత్తం (పై స నుంచి కింది స దాకా) దిగుతుంది. అమ్మాయిల్లోనూ మూడు నాలుగు అర స్వరాలు దిగుతుంది. స్వరతంతువులు పొడవెక్కుతుంటాయి, కండరాలు కొత్త కొలతకు అలవాటు పడాలి. ఆ సమయంలో పెద్ద గొంతు పెట్టి పాడిస్తే తంతువులు ఒకే చోట గట్టిగా ఒరుసుకుంటాయి. ముందు మూడో వంతు, మధ్య మూడో వంతు కలిసే చోట వాపు వస్తుంది, అది ముదిరితే కాయలు కాస్తాయి. బయటికి గొంతు బాగానే వినిపిస్తుంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

కనిపెట్టడానికి తేలికైన పరీక్ష ఉంది. పై స్వరాల్లో, చాలా మెల్లగా, తెలిసిన పాట ఒక వరుస పాడించండి. స్వరం వెంటనే పలక్కుండా ముందు గాలి వచ్చి ఆ తర్వాత పలికినా, మెల్లగా పలకనిది గట్టిగా పాడితేనే పలికినా, వాపు ఉందేమోనని అనుమానించాలి. ఆ రోజు సాధన ఆపేయాలి. రెండు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లి స్వరతంతువులు చూపించుకోవాలి. ఆ వయసులో పదిహేను ఇరవై నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు, మధ్య స్థాయిలో పాడితే చాలు.

గొంతు పోయిన ఆ కొడుకే తర్వాత సైనిక ఆసుపత్రుల్లో పనిచేస్తూ స్వరపేటిక నిర్మాణం చదివాడు. 1854లో దంతవైద్యుడి అద్దం ఒకటి గొంతులో పెట్టి, చేతి అద్దంతో సూర్యకాంతిని దానిమీదికి మళ్లించి, పాడుతున్న తన స్వరతంతువులను తానే చూశాడు. మరుసటి ఏడు ఆ పరిశీలనలను లండన్ రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. అంతకుముందు, 1841లో, గొంతు అరిగిపోయి పారిస్‌లో తన దగ్గరికి వచ్చిన 20 ఏళ్ల గాయని జెన్నీ లిండ్‌కు ఆయన వెంటనే పాఠం చెప్పలేదు. ఆరు వారాలు పాడవద్దన్నాడు, మాటలు కూడా తగ్గించమన్నాడు. ఆ తర్వాతే పాఠాలు.

“ఇంట్లోనే గురువు ఉంటే చాలు”

పోలీన్‌కు పదేళ్లున్నప్పుడే, 1832లో, తండ్రి చనిపోయాడు. ఆమె పియానో విద్యార్థిని, పేరున్న పియానిస్టు లిస్ట్ దగ్గర నేర్చుకుంది. తల్లి చెప్పగా గాత్రం వైపు మళ్లి 1839లో లండన్‌లో తొలిసారి ఒపెరా పాడింది. 1849లో స్వరకర్త మేయర్‌బీర్ రాసిన ఒపెరాలో ఫిదేస్ పాత్రను తొలిసారి పాడింది ఆమే. తండ్రి శిక్షణ అక్కకు దొరికినంత దొరకని బిడ్డ ఈమె.

తల్లిదండ్రులు నేర్పితే కుదరదని కాదు. ఒపెరా గాయనులు క్రిస్టా లుడ్విగ్‌కు, చెచీలియా బార్తోలీకి తల్లులే ముఖ్య గురువులు. బార్తోలీ తల్లిదండ్రులిద్దరూ రోమ్ ఒపెరా బృందగానంలో పాడినవాళ్లు. లుడ్విగ్ పేరు శిఖరాన ఉన్నప్పుడు కూడా వాగ్నర్ ఒపెరాలోని భారమైన ఇజోల్దే పాత్ర తన గొంతుకు మించినదని పక్కన పెట్టింది. ఆ అంచనా ఉన్నచోట ఇంటి గురువు వరం.

లేనిచోట జరిగేది అనుకరణ. బిడ్డ తండ్రి నాదాన్ని తెచ్చుకోవాలని నాలుక మొదలును కిందికి నొక్కి గొంతును బలవంతంగా మందంగా, గంభీరంగా మారుస్తుంది. గదిలో అది పెద్దగా వినిపిస్తుంది, హాల్లో మూడో వరుస దాటదు. ‘ఈ’ అచ్చు పట్టుకుని పాడించి పది మీటర్ల దూరంలో రికార్డు చేయండి. అది ‘ఊ’ వైపు జారుతుంటే నాలుక నొక్కుతున్నట్టే. ఇది పరాయి గురువు చెవికి త్వరగా దొరుకుతుంది. రోజూ ఇంట్లో వింటున్న చెవికి దొరకదు.

“ఇంటిపేరే వేదిక ఎక్కిస్తుంది”

ఇంటిపేరు ఆడిషన్ (పాత్రకు ఎంపిక చేసే పరీక్ష) దాకా తీసుకెళ్తుంది. అక్కడ గాయకుడు సాధారణంగా ఐదు పాటల జాబితా ఇస్తాడు, మొదటిది తన ఇష్టం, రెండోది ఎదురుగా కూర్చున్నవాళ్లు అడుగుతారు. కష్టమైనదే అడుగుతారు.

ప్రసిద్ధ ఇటాలియన్ టెనర్ ఎన్రికో కరూసో కొడుకు, ఆయన పేరూ ఎన్రికోనే, మంచి టెనర్. తల్లి ఆదా జాకెత్తీ సొప్రానో (ఆడవాళ్లలో పై స్థాయి గొంతు). ప్రపంచంలో అంతకంటే పెద్ద ఇంటిపేరు లేదు. ఆయన హాలీవుడ్‌లో స్పానిష్ చిత్రాల్లో పాడాడు తప్ప తండ్రిలా ఒపెరా జీవితం దక్కలేదు. ఆ పేరుతోనే జనం పోలిక పెట్టారు.

మరోవైపు జర్మన్ టెనర్ వోల్ఫ్‌గాంగ్ విండ్‌గాసెన్. తండ్రి ఫ్రిట్జ్ స్టుట్‌గార్ట్ ఒపెరాలో పేరున్న టెనర్, కొడుక్కి మొదటి గురువు కూడా. కానీ కొడుకు 1941లో మొదలుపెట్టింది ఫోర్జ్‌హైమ్ అనే చిన్న ఊరి థియేటర్‌లో, వెర్ది పాత్రతో. తండ్రి పాడిన స్టుట్‌గార్ట్‌కు 1945లో చేరాడు. వాగ్నర్ ఒపెరాల ఉత్సవం జరిగే బైరాయిత్‌లో పార్సిఫాల్ పాత్ర పాడేనాటికి 1951, అప్పటికి ఆయనకు 37 ఏళ్లు.