'అండర్ రివ్యూ' గారికి ఒక అభ్యర్థి విన్నపం

గౌరవనీయులైన 'అండర్ రివ్యూ' గారికి,

నమస్కారం. నా ఉద్యోగ దరఖాస్తు పక్కన మీరు క్షేమమేనని ఇప్పుడే కంపెనీ పోర్టల్‌లో లాగిన్ అయి చూసుకున్నాను. చివరి రౌండ్ అయిన సాయంత్రం ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు, రంగు కూడా మారలేదు. ఈలోపల నా పాస్‌వర్డ్‌కే గడువు తీరిపోయి కొత్తది పెట్టుకోవాల్సి వచ్చింది.

ఈ ఉదయం మీ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ఫోన్‌లో ఆ పేరు కనబడగానే గుండె ఝల్లుమంది. ఇన్నాళ్లకు కబురొచ్చిందనుకుని తెరిస్తే, సర్వే! 'మా ఇంటర్వ్యూ ప్రక్రియ మీకెలా అనిపించింది? మా సంస్థలో చేరమని మీ స్నేహితులకు చెబుతారా? 0 నుంచి 10 లోపు మార్కులు వేయండి. రెండే నిమిషాలు పడుతుంది.'

నేను పాసయ్యానో లేదో మీరు చెప్పలేదు. మీకు మాత్రం నేను మార్కులు వేయాలి.

ఈ 0 నుంచి 10 లెక్కను 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. అసలు కస్టమర్ల కోసం పుట్టిన లెక్క అది. 9, 10 వేస్తే మనం భజనపరులం. 7, 8 వేస్తే ఎటూ కాని వాళ్లం. 0 నుంచి 6 దాకా ఏది వేసినా తిట్టేవాళ్ల ఖాతాలోనే పడతాం. మొహమాటానికి 6 వేసినవాడూ, ఒళ్లు మండి 0 వేసినవాడూ ఒకటేనన్నమాట. ఇది తెలిశాక నా మొహమాటం కాస్తా పోయింది.

మీ ప్రక్రియ మీద నాకు పెద్ద ఫిర్యాదులేం లేవండి. రెజ్యూమె అప్‌లోడ్ చేయించుకుని, అందులో ఉన్నదంతా మళ్లీ గళ్లలో టైపు చేయించారు. చేశాను. నా జీతం స్లిప్పులన్నీ అడిగి, మీరిచ్చేది ఎంతో మాత్రం 'అది తర్వాత మాట్లాడుకుందాం' అన్నారు. సరేనన్నాను. నా కెమెరా ఆన్‌లో ఉండి తీరాలన్న పెద్దమనిషి తన కెమెరా ఆఫ్‌లో పెట్టుకున్నాడు. నల్లటి గడిని చూసి నవ్వుతూ మాట్లాడాను. అసైన్‌మెంట్ అన్నారు, శని ఆదివారాలు దానికే పోయాయి. ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావని అడిగారు, అదీ చెప్పాను. వచ్చే వారం మీ నిర్ణయం ఎక్కడుంటుందో అడగాలని నాకు తోచలేదు.

పరీక్షలు కఠినంగా ఉన్నాయనీ అనను. 1921లో థామస్ ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికొచ్చిన పట్టభద్రుల మీద ప్రశ్నల వర్షం కురిపించేవాడు. వాటిలో ధ్వని వేగమెంత అన్న ప్రశ్న ఐన్‌స్టీన్‌ను అడిగితే, పుస్తకాల్లో దొరికేవన్నీ తలలో మోయనని ఆయన తప్పుకున్నాడు. పరీక్ష తప్పినవాళ్లు పత్రికలకెక్కి ఎడిసన్‌ను ఆడిపోసుకున్నారు. అదృష్టవంతులు! ఆడిపోసుకోవాలంటే ముందు తప్పామని తెలియాలి కదా.

మాకు ఆ భాగ్యం కూడా లేదు. 'ఈ వారంలో తెలియజేస్తాం' అన్నారు. ఏ వారమో చెప్పలేదు. మర్యాదగా ఒక మెయిల్ పెట్టాను. 'టీమ్‌తో కనుక్కుని చెబుతాను' అని హెచ్‌ఆర్ మేడమ్ జవాబిచ్చారు. మళ్లీ పెడితే మెయిల్ తిరిగొచ్చింది. ఆవిడే వేరే కంపెనీలో చేరిపోయారట. ఆవిడకు మాత్రం ఎవరో టైముకు జవాబు చెప్పారన్నమాట. ఇక నా సంగతి: తెలియని నంబరు నుంచి ఫోనొస్తే చాలు, స్నానాల గదిలోంచి కూడా పరుగెత్తుకొచ్చి ఎత్తుతున్నాను. అవతలివాళ్లు పర్సనల్ లోన్ కావాలా అంటారు. కావాలనే చెప్పాలనిపిస్తుంది.

ఎందుకు చెప్పరో తెలియనంత అమాయకులమేం కాదు. మొదటి అభ్యర్థికి ఆఫర్ ఇస్తారు. ఆయన నోటీసు పీరియడ్‌లో ఉంటాడు. మీ ఆఫర్ చూపించి ఇంకోచోట బేరమాడుకుంటాడు. చేరాల్సిన రోజు ఫోన్ స్విచాఫ్ చేసినా చేస్తాడు. అందుకని రెండోవాణ్ణీ, మూడోవాణ్ణీ అవుననకుండా, కాదనకుండా స్టెప్నీల్లా డిక్కీలో పడేసి ఉంచుతారు. అండర్ రివ్యూ గారూ, ఆ డిక్కీ మూత మీరే.

పోనీ ఆ మాటైనా చెప్పొచ్చుగా! 'మీరు రెండో స్థానంలో ఉన్నారు, ఆయన రాకపోతే పిలుస్తాం' అంటే మేమేం ఏడవం. మా దారి మేం చూసుకుంటాం. ఇంటర్వ్యూకు ముందురోజు ఒక రిమైండర్, గంట ముందు ఒకటి, పది నిమిషాల ముందు ఇంకొకటి పంపిన సాఫ్ట్‌వేర్‌కు 'మీరు ఎంపిక కాలేదు' అని ఒక్క మెయిల్ పంపడానికి చేతులు పడిపోయాయా? సర్వే పంపడానికి నా అడ్రసు దొరికింది కదా! అది ఎవరి పెట్టెలో దొరికిందో, ఆ పెట్టెలోనే నా ఫలితం కూడా ఉండి ఉంటుంది. ఒక మనిషి లీవులు పెట్టుకుని, అబద్ధాలాడి, చొక్కా ఇస్త్రీ చేసుకుని మీ ముందు కూర్చున్నాడు. కాదు అనడానికి నోరు రాదా?

కెనడాలోని ఒంటారియోలో దీనికి చట్టమే తెచ్చారు. 25 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థ బహిరంగ ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ జరిగిన 45 రోజుల్లోగా నిర్ణయమైందో లేదో అభ్యర్థికి చెప్పాలి. 2026 జనవరి 1 నుంచి అమలు. ఇంతోటి మర్యాదకు చట్టం కావాల్సి వచ్చిందంటే, మీ వంశం ఎంత దూరం పాకిందో చూడండి.

సర్వేలో 0 నొక్కాను. ఆ ఊపులోనే పోర్టల్‌లోకి వెళ్లి 'విత్‌డ్రా అప్లికేషన్' కూడా నొక్కాను. కారణం చెప్పనిదే కుదరదట, పక్కన ఎర్ర చుక్క పెట్టారు! నన్ను వదిలేయడానికి మీకు కారణం అక్కర్లేదు. మిమ్మల్ని వదిలేయడానికి నాకు తప్పనిసరి. జాబితాలో 'ఇతరములు' ఎంచుకున్నాను. వివరించమన్న చోట 'టీమ్‌తో కనుక్కుని చెబుతాను' అని రాశాను.

ఇట్లు,
బహుశా రెండో అభ్యర్థి