సవరణ: రూట్ కెనాల్ తర్వాత క్యాప్ (పంటి తొడుగు) సంగతి

"రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ తీరిగ్గా వేయించుకోవచ్చు" అని గత పోస్టులో ఉన్న వాక్యం తీసేశాను. దవడ పళ్లకు ఆ మాట వర్తించదు. రూట్ కెనాల్‌లో పుచ్చు తొలిచి, లోపలి గుజ్జు తీయడానికి దారి చేశాక మిగిలేది పలచటి గోడలే. నమిలే ఒత్తిడంతా వాటి మీదే. ఒక్క వేయించిన శనగగింజ చాలు, పన్ను నిలువునా చీలడానికి. చీలిక వేరులోకి దిగిందా, ఇక చాలావరకు పీకించడమే. డాక్టరు చెప్పిన గడువు దాటనివ్వకండి. ముందు వరస పన్నయితే, పెద్దగా దెబ్బతినకపోతే ఫిల్లింగుతోనే సరిపోవచ్చు.

నరం (అంటే ఆ గుజ్జే) తీసేశాక నొప్పే ఉండదన్నదీ సగం నిజమే. పన్నును ఎముకకు పట్టి ఉంచే పొరలో స్పర్శ అలాగే ఉంటుంది, అందుకే కొరికితే కొన్ని రోజులు సలుపుతుంది. వాపో జ్వరమో వస్తే మాత్రం వెంటనే చూపించుకోండి.

పల్పాటమీ (పంటి పైభాగంలోని గుజ్జు మాత్రమే తీసి, వేళ్లలోది ఉంచేయడం) పాలపళ్లకే అని రాశాను, అదీ సరికాదు. వేళ్లలో గుజ్జు ఆరోగ్యంగా ఉంటే పెద్దల పళ్లకూ చేస్తున్నారు. రూట్ కెనాల్ బదులు పన్ను పీకించుకుంటే ఆ ఖాళీకి బ్రిడ్జో (పక్క పళ్ల ఆధారంతో కట్టే పన్ను) ఇంప్లాంటో (ఎముకలో బిగించే పన్ను) చూసుకోవాలి, ఆ ఖర్చు ముందే అడగండి. యాంటీబయాటిక్ మాత్రం రూట్ కెనాల్‌కు ప్రత్యామ్నాయం కాదు: చచ్చిన గుజ్జుకు రక్తం అందదు, మందూ అక్కడికి చేరదు.