పచ్చి కాయ గింజ వేరు, పండు కాయ గింజ వేరు
బజారులో కొన్న క్యాప్సికం గింజలు మొలవవని ఒక వ్యాసంలో చదివాను గానీ, అది చాలావరకు ఆకుపచ్చ కాయల సంగతే. వాటిని పండకముందే కోస్తారు, అందుకే గింజ తెల్లగా, పలచగా, గోటితో నొక్కితే వంగిపోయేలా ఉంటుంది. బాగా ఎర్రబడిన కాయ తీసుకోండి, గింజ లేత పసుపు రంగులో గట్టిగా ఉంటుంది. నీడలో వారం ఆరబెట్టి, తడి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడిలో) అర సెంటీమీటరు లోతున వేస్తే 25–30 డిగ్రీల వేడికి 8 నుంచి 14 రోజుల్లో మొలకొస్తుంది. అసలు నష్టం ఆ తర్వాతే. రోజూ నీళ్లు పోస్తే నారుకుళ్లు తెగులు పట్టి, కాండం మట్టి దగ్గర మెత్తబడి మొక్క వాలిపోతుంది. పైపొర ఆరాకే తడపండి. అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా హైబ్రిడ్ (రెండు రకాలను కలిపి పుట్టించిన) రకాలు, కాబట్టి కొత్త మొక్కకు అచ్చం అలాంటి కాయే రాకపోవచ్చు.