తాతల ఊళ్లో అంతమంది పెంటయ్యలు ఎందుకున్నారు?

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఆర్నెల్లకోసారి తిరిగొచ్చే మెసేజ్ ఒకటుంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉండేది ఇదీ: "మన తాతలు ఆస్పత్రి మొహం చూడకుండా వందేళ్లు బతికారు. జొన్నరొట్టె, సంగటి, దంపుడు బియ్యం తిన్నారు. బావినీళ్లు తాగారు. కట్టెల పొయ్యి మీద వండుకున్నారు. పొద్దున్నే లేచి పొలంలో చెమటోడ్చారు. మనకేమో ఫిల్టర్ నీళ్లు, గ్యాస్ పొయ్యి, మందు కొట్టిన కూరలు, కుర్చీ ఉద్యోగాలు. అందుకే నలభైకే షుగర్, బీపీ, క్యాన్సర్." కింద నాలుగు దండాలు, ఎడ్లబండి బొమ్మ.

ఈసారి పెట్టింది మా మావయ్య. పెద్దాయనతో గ్రూపులో వాదన పెట్టుకోవడం ఇష్టం లేక విడిగా రాస్తున్నాను. మెసేజ్ మొత్తం అబద్ధమని నేననను. అందులో ఒక ముక్క నిజం ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

"వందేళ్లు బతికారు"

మా ఊళ్లో తాతల తరంలో పెంటయ్యలు ముగ్గురు, పుల్లయ్యలు ఇద్దరు, ఒక పెంటమ్మ. ఉత్తరాంధ్ర వైపు వెళితే తవిటయ్యలు, తవిటినాయుళ్లు. ఈ పేర్లు ఎలా వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీదో ఎంగిలి విస్తట్లోనో పడుకోబెట్టేవారు. ఇంకొకరు ఎత్తుకుంటే, తల్లి కాస్త తవుడిచ్చి బిడ్డను కొనుక్కునేది. ఇంత చవక బిడ్డ మీద చావు కన్ను పడదని ఆశ. ఒకరిద్దరికి జరిగితే అది ఆ ఇంటి విషాదం. ఊరూరా అవే పేర్లున్నాయంటే పిల్లలు పోవడం అప్పట్లో అంత మామూలు విషయం.

మా నాయనమ్మ తన కాన్పుల సంగతి ఒకే వాక్యంలో చెప్పేది: "తొమ్మిదిమందిని కన్నా, నలుగురు దక్కారు." ఈ మెసేజ్ రాసినవాడు ఆ దక్కిన నలుగురినే లెక్కపెట్టాడు. మిగతా అయిదుగురికి ఫొటోలు లేవు, కొందరికి పేరు పెట్టే రోజు కూడా రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఇప్పుడు 70 దగ్గర ఉంది. అంటే అప్పుడు అందరూ 32కే పోయారని కాదు. పసిపిల్లలు, బాలింతలు అంతమంది పోవడంతో సగటు అంత కిందికి దిగింది. 1971లో కూడా పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020కి ఆ సంఖ్య 28కి తగ్గింది. ఆ గండాలన్నీ గట్టెక్కినవాళ్లలో గట్టివాళ్లు ఎనభై, తొంభై దాకా బతికారు. మనకు గుర్తున్న తాతలు వాళ్లే.

"ఆస్పత్రి మొహం చూడలేదు"

నిజమే. చూద్దామన్నా దగ్గర్లో ఉంటేగా! కొడవలితో బొడ్డు కోస్తే పసికందుకు ధనుర్వాతం వచ్చేది. కలరా వస్తే ఊరు ఖాళీ చేసేవారు. తెలంగాణలో 'గత్తర' తిట్టుగా ఇప్పటికీ మిగిలే ఉంది. కలరాకు వాళ్లు పెట్టుకున్న పేరది.

"జొన్నరొట్టె, సంగటి, దంపుడు బియ్యం"

జొన్న మంచి ధాన్యమే, నేనూ తింటాను. కానీ మెసేజ్ చూస్తే తాతల విస్తట్లో రొట్టె పక్కన పప్పు, ఆకుకూర, గడ్డపెరుగు రోజూ ఉన్నట్టుంటుంది. చాలా ఇళ్లలో రొట్టె, పచ్చికారం, అంతే. పాడి ఉన్నవాళ్లలో కూడా చాలామంది నెయ్యి అమ్ముకుని మజ్జిగ తాగినవాళ్లే.

ఏళ్ల తరబడి జొన్న తప్ప వేరే తిండి లేకపోతే ఒంట్లో నియాసిన్ అనే బి విటమిన్ తగ్గిపోతుంది. ఎండ తగిలే చోటల్లా, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, చర్మం నల్లబడి పగులుతుంది. తర్వాత విరేచనాలు, ఆపైన మతి తప్పడం. దీని పేరు పెల్లాగ్రా. 1960ల్లో హైదరాబాద్ ఆస్పత్రులకు దక్కన్ పల్లెల నుంచి ఈ రోగులు వచ్చేవారు. జొన్న తినేవాళ్లకే ఇది ఎందుకు వస్తోందని జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకాంతయ్య పరిశోధన చేశారు. తప్పు జొన్న ఒక్కదానిదే కాదు, పక్కన ఇంకేమీ లేకపోవడానిది కూడా.

ఇక కోస్తాకు వద్దాం. దంపుడు బియ్యం మానేసింది మనం కాదు మావయ్యా, తాతలే! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బియ్యం మరలు వచ్చాక రోకలి పక్కన పెట్టి తెల్లటి పచ్చిబియ్యానికి అలవాటు పడ్డారు. తవుడుతో పాటే బి1 విటమిన్ పోయింది, బెరిబెరి అనే జబ్బు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి ప్రాంతం అంటే మన ఉత్తర సర్కారు జిల్లాలే, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్ర. తల్లిపాలలో ఆ విటమిన్ లేక రెండుమూడు నెలల బిడ్డలు ఉన్నట్టుండి గుండె ఆగి పోయేవారు. ధాన్యాన్ని ఉడకబెట్టి ఉప్పుడు బియ్యంగా తినేచోట ఈ జబ్బు తక్కువ. ఉడికేటప్పుడు విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. హైదరాబాద్ తార్నాకలో ఇప్పుడున్న పోషకాహార సంస్థ పుట్టిందే 1918లో, కూనూరులో, బెరిబెరి మీద విచారణకు పెట్టిన చిన్న విభాగంగా. అది హైదరాబాద్‌కు వచ్చింది 1958లో. తాతలకు తిండి జబ్బులు లేకపోతే ఆ సంస్థతో ఏం పని?

"బావినీళ్లు తాగారు"

తాగారు, నారికురుపూ తెచ్చుకున్నారు. ఇప్పటి పిల్లలకు ఈ మాటే తెలియదు. దిగుడు బావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకునేవారు. ఒకరి కాలి పుండు నుంచి పురుగు పిల్లలు నీళ్లలోకి వదిలితే, వాటిని మింగిన నలుసంత నీటిపురుగులు తాగేవాళ్ల కడుపులోకి వెళ్లేవి. ఏడాది తర్వాత మూడడుగుల దారంలాంటి పురుగు కాల్లోంచి బయటికొచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగాలి, తెగితే చీము. సరిగ్గా నాట్లప్పుడో కోతలప్పుడో మనిషి మంచాన పడేవాడు. అప్పట్లో ఈ జబ్బు ఉన్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నీళ్లు గుడ్డతో వడగట్టడం, దిగుడు బావుల్ని చేదబావులుగా మార్చడం, బోరింగులు వేయడం లాంటి చిన్నచిన్న పనులతో 1996 నాటికి చివరి కేసు కూడా అయిపోయింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌లో ఈ జబ్బు లేదని ధ్రువీకరించింది. టీకా లేదు, మందు లేదు, నీళ్ల జాగ్రత్త ఒక్కటే.

ఫ్లోరైడ్ సంగతి వేరు. అది కంటికి కనబడదు, రుచి తెలియదు, కాచినా పోదు. దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు (ఫ్లోరోసిస్) గురించి వైద్యులు వివరంగా రాసింది మొదట మన మనుషుల గురించే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశంలోకి వచ్చిన పొదిలి, దర్శి, కనిగిరి వైపు. ముప్పై, నలభై ఏళ్లకే నడుం వంగి, మెడ తిప్పలేక ఉన్న మనుషులు. ఆ తర్వాత నల్గొండ. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ వాడే పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అన్న పేరే పడింది. తిండిలో కాల్షియం తక్కువైనవాళ్లను ఇది మరింత కుంగదీస్తుంది. అంటే పేద ఇంటి పిల్లల్ని.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడ్ పెరిగింది. బావిలో క్రిములు, బోరులో ఫ్లోరైడ్. ఏ ఊరి నీళ్లలో ఏముందో పరీక్ష చేయించనిదే చెప్పలేం. పాతవి కాబట్టి మంచివి అనడానికి లేదు, ఆర్వో మిషన్ పెట్టించుకుంటే అయిపోయిందనడానికీ లేదు.

"కట్టెల పొయ్యి మీద వండుకున్నారు"

ఎవరు వండుకున్నారు? ఈ మెసేజ్ పెట్టినవాళ్లలో ఊదుగొట్టం పట్టిన మగవాళ్లు ఎంతమందో చేతులెత్తమనండి. ఇళ్లలో పొయ్యి పొగ వల్ల ప్రపంచమంతా కలిపి ఏడాదికి సుమారు 30 లక్షల మంది పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా నాయనమ్మ దగ్గు మాకు గడియారం లాంటిది, తెల్లారుజామున అది వినబడితే లేచేవాళ్లం. ఆవిడ చుట్ట ముట్టలేదు.

పొగ మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగేవారు. దాన్ని 'అడ్డపొగ' అంటారు. మిగతా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ అక్కడ ఎందుకు ఎక్కువో చూడటానికి విదేశాల నుంచి కూడా దంతవైద్యులు వచ్చారు. క్యాన్సర్ ఈ కాలపు జబ్బు అనేవాళ్లు ఆ ఊళ్లలో ముసలమ్మల్ని అడగాలి.

"పొలంలో చెమటోడ్చారు"

నడక, వంగి లేవడం, బరువు మోయడం మంచివే. కానీ కష్టం వేరు, వ్యాయామం వేరు. వ్యాయామంలో అలసిపోతే ఆపేస్తాం. కూలి పనిలో ఆపితే ఆ పూట కూలి పోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. సోంపేట, కవిటి, కంచిలి, పలాస చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల సీమ. కుర్చీ ఉద్యోగాలు కావు, మెసేజ్‌లో మెచ్చుకున్న బతుకే. అక్కడ పెద్దవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి మూత్రపిండాల జబ్బు, చాలామందికి షుగరూ లేదు, బీపీ కూడా లేదు. కారణం ఇదీ అని ఎవరూ ఇంకా తేల్చలేదు. నీళ్లు, పురుగుమందులు, నొప్పి బిళ్లలు అన్నీ అనుమానాల్లో ఉన్నాయి. ఎండలో సరిగా నీళ్లు తాగకుండా గంటల తరబడి పనిచేయడం కూడా ఆ వరసలో ఉంది. మధ్య అమెరికాలో చెరకు కొట్టే కూలీల్లోనూ ఇలాంటి జబ్బే చూశారు.

"మందు కొట్టిన కూరలు, నలభైకే షుగర్"

నేను చెప్పిన ముక్క నిజం ఇది. షుగర్ పెరిగింది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి ఉంది. దానికి గ్యాస్ పొయ్యితో సంబంధం లేదు. తిండి నుంచి మనకు వచ్చే శక్తిలో 62 శాతం దాకా పిండిపదార్థాల నుంచే వస్తోంది, అందులో ఎక్కువ తెల్లన్నం. తాత అంత అన్నం తిని పది గంటలు పనిచేశాడు, మనం అదే అన్నం తిని కూర్చుంటున్నాం. దంపుడు బియ్యం, చిరుధాన్యాలు, నడక గురించి మెసేజ్ చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. మావయ్యా, అంతవరకు నీ వైపే.

పురుగుమందుల దగ్గర మళ్లీ తేడా. డీడీటీని పైర్ల మీద వాడొద్దని 1989లో ఆపారు. బీహెచ్‌సీని 1997లో, ఎండోసల్ఫాన్‌ను 2011లో నిషేధించారు. అంతకుముందు గమేక్సిన్ (అంటే బీహెచ్‌సీ) పొడిని ఉత్త చేతుల్తో కలిపి చల్లింది తాతలే. కూరలో మిగిలే అవశేషం చిన్న విషయం అనను. కానీ అంతకు ఎన్నో రెట్లు మందు పడేది పంపు భుజాన వేసుకున్న మనిషి ఒంటి మీద. చర్మంలోంచి, ఊపిరిలోంచి లోపలికి పోతుంది. 2017లో మన ఆదిలాబాద్ పక్కనే ఉన్న యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా పోయారు. మా వైపు మిరపతోటల్లో గ్లౌజులు, మాస్కు ఇచ్చి మందు కొట్టించే ఆసామిని నేను ఒక్కణ్నే చూశాను. కూరగాయల్ని ఉప్పునీళ్లలో నానబెట్టమని మా గ్రూపుకి ఇప్పటికి ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో లెక్కలేదు. మందు కొట్టే కూలీ గురించి ఒక్కటీ రాలేదు.