లాటిన్‌కి టైముంది, తెలుగు కీర్తనకి లేదా?

ఇప్పుడే మా హోమ్‌స్కూల్ కో-ఆప్ (ఇంట్లోనే చదివే పిల్లల కోసం తల్లిదండ్రులం కలిసి నడుపుకునే గ్రూపు) జూమ్ కాల్ కట్ చేశాను, ఇంకా ఒళ్ళు మండిపోతోంది. వచ్చే ఏడాదికి ఫస్ట్, సెకండ్ గ్రేడ్ పిల్లలకి మెమరీ వర్క్, అంటే నోటికి నేర్పించేవి, ప్లాన్ చేస్తున్నాం. షీట్‌లో నేను కలిపింది రెండే రెండు: 23వ కీర్తన తెలుగులో, తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పాట ఒకటి. తీసేయమన్నారు! "క్లాసికల్ ప్రోగ్రామ్‌లో ఇవెందుకు సిస్టర్, టైమ్ వేస్ట్" అంట. క్లాసికల్ అంటే లాటిన్, బట్టీ పునాదిగా పాత పద్ధతిలో చెప్పే చదువు. తెల్లావిడెవరైనా అనుంటే పాపం తెలీదులే అనుకునేదాన్ని, అన్నది మా గుంటూరావిడే. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో మా కో-ఆప్‌లో సగం మంది తెలుగు విశ్వాసుల పిల్లలేనండీ.

అదే షీట్‌లో ఆరేళ్ళ పిల్లలకి లాటిన్ ఉంది. ఇంగ్లీషే ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలు "ఆ, ఐ, ఐ, ఆమ్, ఆ" అని చప్పట్లు కొడుతూ విభక్తులు వల్లెవేయాలి. లాటిన్ వద్దని నేననలేదు, చదవడం రాయడం కుదురుకున్నాక మూడో గ్రేడ్ నుంచి పెట్టండి. ఇప్పుడు ఫోనిక్స్, కాపీవర్క్ (చూసి రాయడం), ఎక్కాలు, బైబిల్ కథ చదివి వినిపించి వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పించడం, పాటలు, చాలదా? టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌కి చట్టం అడిగేదే రీడింగ్, స్పెల్లింగ్, గ్రామర్, మ్యాథ్స్, మంచి పౌరుడిగా ఉండటం, ఈ అయిదు.

ఈ క్లాసికల్ వాళ్ళంతా మాటకి ముందు తలుచుకునే ఇంగ్లీష్ రచయిత్రి డొరొతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో చెప్పిందేంటి, చిన్న వయసులో బట్టీ పట్టడం పిల్లలకి తేలిక, ఇష్టం కూడా అని. లాటిన్ పెట్టమని కూడా ఆవిడే చెప్పింది, కానీ చెప్పింది ఇంగ్లండ్ పిల్లల గురించి, వాళ్ళ చర్చి వందల ఏళ్ళు ప్రార్థించింది ఆ భాషలో. మన అమ్మమ్మలు మోకరించి ప్రార్థించింది ఏ భాషలో? బట్టీ మాత్రం మనకేమన్నా కొత్తా, వీధిబడిలో అమరం, శతక పద్యాలు ముందు నోటికి వచ్చేవి, అర్థం తర్వాత. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట మీద రాగం, తాళం వేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో కట్టిన పాటలు కూడా ఉన్నాయి అందులో, ఇంకా మన చర్చిల్లో పాడుతున్నాం. ఇంతకంటే క్లాసికల్ ఏం కావాలి?

మా చిన్నది "పరుండజేయుచున్నాడు" దగ్గర నాలిక తిరగక ఆగిపోతుంది, ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదటినుంచి అందుకుంటుంది. మొన్న వాట్సాప్‌లో మా అమ్మకి అప్పజెప్తూ అక్కడే ఆగింది, అమ్మ తర్వాతి వచనం అందుకుంది, ఇద్దరూ కలిసి చివరిదాకా చెప్పేశారు. ఇది టైమ్ వేస్టా?

తెలుగుని చిన్నచూపు చూడటం ఇవాళ్టి జబ్బు కూడా కాదు. చిన్నప్పుడు మా కాన్వెంట్‌లో తెలుగు మాట్లాడితే ఫైన్, డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపేవాళ్ళు, మా నాన్న సంతకం పెట్టి ఫైన్ కట్టేవాడు, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికుండేది? ఇక్కడికొచ్చాక తెలుగు చర్చిలోనే పాస్టర్ గారు వాక్యం మొదలెట్టగానే పిల్లల్ని పక్క గదిలోకి పంపేస్తారు, ఇంగ్లీష్ సండే స్కూల్‌కి. తర్వాత ఆ అమ్మానాన్నలే "మా పిల్లలకి తెలుగు రాదండీ" అంటారు. ఎలా వస్తుంది, వినిపిస్తే కదా!

ఆ రెండు లైన్లూ నేను తీయను. కో-ఆప్ తీసేస్తే శనివారం పొద్దున మా ఇంట్లోనే నేర్పిస్తా. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉన్నవాళ్ళు మెసేజ్ పెట్టండి, అమ్మ చేత కీర్తనల పుస్తకాలు తెప్పిస్తున్నా, ఎన్ని కావాలో ముందే చెప్పాలి.